భూమి అదిరితే మునిలక్ష్మమ్మ

ముందు గూట్లో చెంబులు మోగేవి. ఇత్తడి మీద ఇత్తడి, సన్నగా, గంటను ఎవరో వేలితో తాకినట్టు. తర్వాత నేల ఒకసారి ఒళ్ళు విరుచుకునేది. దుమ్ము ఇంకా సర్దుకోకముందే వీధిలో ఒక గొంతు లేచేది.

"ఏమే నారాయణమ్మా, బయటికి రా. నీతో తేల్చుకోవల్ల."

ఆ గొంతు మునిలక్ష్మమ్మది. భూమి అదిరినప్పుడల్లా ఆమెకు ఎవరితోనైనా పోట్లాడాలి. అదే ఆమె జబ్బు. దానికి మందు లేదని కేజీఎఫ్ బంగారు గనుల దగ్గర, పనివాళ్ళ ఇండ్ల లైనంతా ఒప్పుకుంది.

అక్కడ భూమి అదరడం వింత కాదు. గనులు లోతుకు పోయేకొద్దీ కింది రాయి బరువు మోయలేక పగులుతుంది. ఎయిర్ బ్లాస్ట్ అంటారు. గనులు సర్కారు చేతికి వచ్చిన సంగతి రాయికి ఎవరూ చెప్పినట్టు లేదు, పాత అలవాటు మానలేదు.

ఆవని నుంచి మునిలక్ష్మమ్మ కోడలుగా వచ్చిన నాగరత్నకు మాత్రం అంతా కొత్త. ఆవనిలో తిరునాళ్ళకు జనం కదులుతారు గాని నేల కదలదు. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి ఇల్లు ఊగితే ఆమె గుంజ పట్టుకుని నిలబడింది. అత్త కొంగు బిగించి వీధిలోకి నడిచింది.

"నీ కోడి నా వాకిట్లో నిలబడి నన్ను ఎగాదిగా చూసె," అంది మునిలక్ష్మమ్మ.

"కోడి చూడకుండా ఏం చేస్తాదక్కా? కండ్లు మూసుకోని తిరుగుతాదా?" అంది నారాయణమ్మ.

"పెంచినోళ్ళ చూపే దానికీ వచ్చింది."

అంతే, పొద్దు వాలేదాకా సాగింది. నాగరత్న తడికె వెనక నిలబడి, తాను ఏ కొంపలో పడిందో ఆలోచించుకుంది.

మామూలు రోజుల్లో మునిలక్ష్మమ్మ నోట్లో వేలు పెట్టినా కొరకని మనిషి. ఆ లైనులో పుట్టిన బిడ్డల్లో సగం మంది ఆమె చాపిన కాళ్ళ మీద బోర్లా పడుకుని నీళ్ళు పోయించుకున్నవాళ్ళే. ఎవరింట్లో జ్వరమంటే వాళ్ళింట్లో రాగులు విసిరేది, ఎవరికి కాన్పంటే వాళ్ళ పొయ్యి తనే ముట్టించేది. కూర్చున్న మునిలక్ష్మమ్మను చూసినవాళ్ళు అరుదు. చెంబులు మోగితే చాలు, ఆ మనిషే వేరు.

నాగరత్నకు బిడ్డలు పుట్టి పెద్దయ్యాక, ఎదురింటి సెల్వితో అవ్వ పోట్లాట చూడటానికి ఆ మనవరాళ్ళు గోడెక్కి కూర్చునేవాళ్ళు. ముగ్గులో చుక్క ఎక్కువైందనో, వడియాలు ఎండబెట్టి తమ వాకిటి ఎండంతా తినేసిందనో అవ్వ మొదలుపెట్టేది. సెల్వి తమిళంలో అంటే అవ్వ తెలుగులో అందుకునేది. మాట దొరక్కపోతే ఇద్దరూ కన్నడంలోకి వచ్చి కలుసుకునేవాళ్ళు.

"మీ అమ్మకు ఏమైనా పట్టిందా?" అని నాగరత్న పెళ్ళయిన కొత్తలోనే మొగుణ్ణి అడిగింది.

చౌడప్ప బూట్లు విప్పుకుంటూ, "భయం. కొందరికి భయమేస్తే చెమట పడుతుంది, మా అమ్మకు నోరు లేస్తుంది," అన్నాడు.

నారాయణమ్మ వాదన ఇంకొకటి. "మా ఆయన ఇంట్లో పండుకోనుంటే భూమి రెండుగా చీలినా నా తట్టు తిరిగి చూడదు. ఆయన గనిలోకి దిగిన పొద్దే వచ్చి పడతాది. మొగదిక్కు లేనిది చూసి వస్తాదమ్మా మీ అత్త."

నాగరత్నకు సిగ్గేసింది.

ఒక ఏడు, అనపకాయల కాలం. చౌడప్ప పొద్దుటి షిఫ్టుకు గని షాఫ్టులోకి దిగాడు. నాగరత్న సంగటి గెలికి దించి, తెడ్డు కడుగుతూ ఉంది. ఆ రోజు చెంబులు మోగలేదు, కింద పడ్డాయి. గోడ మీద సున్నం రాలింది. దూరంగా సైరన్ కూత ఆగకుండా వినిపించింది. నాగరత్న చేతిలో తెడ్డుతోనే వాకిట్లోకి పరుగెత్తింది.

మునిలక్ష్మమ్మ ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"యాడికి?"

"షాఫ్టు కాడికి అత్తా. ఆయన లోపల ఉండాడు."

"అది నాకూ తెలుసు. ఈ సంగటి చేసింది ఎవురు?"

"అత్తా, నన్ను పోనీ."

"ఉండలు ఉండలుగా ఉండాదే. తినేదానికా, బిడ్డలు గోలీలాడుకునేదానికా? మీ అమ్మ నీకు తెడ్డు పట్టేది నేర్పలేదా, లేకుంటే ఆమెకే రాదా?"

ఇన్నేళ్ళలో నాగరత్న అత్తకు ఎదురు చెప్పలేదు. కానీ అమ్మ పేరు వచ్చేసరికి కడుపులో ఉన్న భయమంతా నోటికి ఎక్కింది.

"మా అమ్మ జోలికి రావద్దు."

"వస్తా. ముళబాగిలు బస్సెక్కి ఆవనికి పోతా. ఆమెనే అడుగుతా, బిడ్డను పెంచినావా, గంగిరెద్దును పెంచినావా అని."

"పోయి అడుగు. మా అమ్మ సంగటి తిన్నాక నువ్వు ఈ ఊరికి తిరిగి రావు."

షాఫ్టు వైపు పోతున్న ఆడవాళ్ళు ఆగారు. సెల్వి తీర్పు చెప్పబోయి, ఎసట్లో పిండి ముందా నూక ముందా అనే దగ్గర తానే చిక్కుకుంది. నారాయణమ్మ సెల్విని సరిదిద్దింది. ఆమెను ఇంకొకరు సరిదిద్దారు. మొగుళ్ళు లోపల ఉన్న ఆడవాళ్ళందరూ నడివీధి ఎండలో నిలబడి సంగటి గురించి కొట్టుకున్నారు. నాగరత్న తెడ్డు ఎత్తి చూపుతూ అరిచింది. తనకింత గొంతు ఉందని ఆమెకే తెలియదు.

ఉన్నట్టుండి మునిలక్ష్మమ్మ మాట సగంలో ఆపింది.

ఆమె చూపు కోడలి భుజం మీదుగా ఎక్కడికో పోయింది. నాగరత్న వెనక్కి తిరిగింది. ఇండ్ల కప్పుల పైన, నీలం ఆకాశంలో, షాఫ్టు నెత్తిన పెద్ద చక్రం మెల్లగా తిరుగుతూ ఉంది. మనుషుల్ని మోసే ఇనుప బోను పైకి వస్తోంది.

అప్పుడు తట్టింది నాగరత్నకు. ఎవరితో ఎప్పుడు పోట్లాడినా అత్త చక్రానికి ఎదురుగా నిలబడుతుంది. అవతలి మనిషి వీపు చక్రం వైపు ఉండేటట్టు తిప్పుకుంటుంది.

కాసేపటికి మొగవాళ్ళు వచ్చారు. వాళ్ళలో చౌడప్ప, కనుబొమలదాకా రాతిదుమ్ముతో. తెడ్డు పట్టుకున్న పెండ్లాన్ని, ఆమె ఎదుట తల్లిని చూసి నిలబడిపోయాడు.

"ఏమ్మా, ఈ పొద్దు పోట్లాట ఇంట్లోనేనా?"

మునిలక్ష్మమ్మ గడప మీద కూర్చుంది. నాగరత్న ఇచ్చిన చెంబెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగింది.

"లోపల ఉండింది నీ కొడుకే కదత్తా, అయినా కొట్లాటకు దిగితివే," అంది నాగరత్న.

"వాడే ఉండె. ఆ షాఫ్టు గేటు కాడికి పోతే ఏం కనపడతాది? తిరగని చక్రం కనపడతాది." ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "మీ మామ లోపల ఉండిపోయిన పొద్దు లైనంతా నా చుట్టూ కూర్చునింది. అందురూ మెత్తగా మాట్లాడినారు. తల నిమిరినారు. కబురు రాకముందే నా బొట్టు చెరిపేసినట్టు ఉండె. ఎవురన్నా వచ్చి ఒక తిట్టు తిట్టింటే ఆ పూటన్నా బతికుందును."

నాగరత్న అత్త పక్కనే గడప మీద కూర్చుంది.

"ఇంగ సంగటి పెట్టు వానికి," అంది అత్త. "బాగానే ఉండాదిలే."

మర్నాడు నారాయణమ్మ మూతి ముడుచుకుని వచ్చింది. "నిన్న మా ఆయనా లోపలే ఉండె. నా ఇంటి తట్టు రాలేదేమక్కా?"

"ఏం చేసేదే, ఉన్న నోరంతా మా కోడలే వాడేసె."

ఆ తర్వాత చెంబులు మోగితే పోట్లాటకు ఈ వరస ఇండ్లు అత్తవి, ఆ వరస ఇండ్లు కోడలివి. నాగరత్న మొదట్లో తిట్టేసి క్షమించమనేది. అత్త ఆ దురలవాటు మానిపించింది.

గనులు మూతపడ్డాక నేల నిద్రపోయింది. చౌడప్ప రైలెక్కి బెంగళూరు పనికి పోయి వస్తున్నాడు. పోట్లాటలు లేక మునిలక్ష్మమ్మ మెత్తబడింది, ఆ మెత్తదనం చూసి లైను దిగులుపడింది. ఒక ఏడు ఆమె మంచం పట్టింది. డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో పొయ్యి వెలిగించనే లేదు. అన్నం నారాయణమ్మ పంపింది. నాగరత్న మంచం పక్కన కూర్చుని అత్త చెయ్యి పట్టుకుని, మెల్లగా తల నిమురుతూ ఉంది. మునిలక్ష్మమ్మ కండ్లు తెరిచింది. కోడలి ముఖం కాసేపు చూసింది. చెయ్యి లాక్కుంది.

"ఏమే, పొయ్యి మీద చారు మాడుతాంటే ఈడ కూర్చోని నా తల దువ్వుతాండావా? ఆవనోళ్ళకు ముక్కులు కూడా ఉండవా? పో, పోయి దించు. జవాబు ఏమి చెప్పల్లనో బాగా ఆలోచించుకోని రా. నేను యాడికీ పోను."