ప మీది తలకట్టు

చెక్క ముక్క చేతికి రాగానే మల్సూర్ కళ్లు మూసుకుంటాడు. బొటనవేలిని అంచు వెంట ఒక చుట్టు తిప్పుతాడు. తర్వాతే చూస్తాడు. ఉలి పట్టిన రోజుల్లో వచ్చిన అలవాటు. మిర్యాలగూడ షాపులో ఇప్పుడు ఉలికి పని లేదు, లేజర్ మిషన్ ఉంది. అలవాటు మాత్రం పోలేదు.

ఆ వేసవిలో అతడు కోస్తున్నవి అక్షరాలు. మేనకోడలు వనిత కోసం. ఆమెకు పుట్టుకతో చూపు లేదు. కోదాడలో తల్లి బుచ్చమ్మతో ఉంటుంది. బ్రెయిలీ చదువుతుంది. సూర్యాపేటలో ఒక దవాఖానలో ఫోన్లు ఎత్తే కొలువు వచ్చింది. చేరిన రోజు మిగతావాళ్లు సంతకాలు చేశారు. ఆమె వేలికి సిరా పూశారు. అది ఆమెకు నచ్చలేదు. కళ్లున్నవాళ్లు రాసే అక్షరాలు తడిమి నేర్చుకుంటానంది. తన పేరు తానే రాస్తానంది.

మొదట కోసినవి పాడయ్యాయి. పుస్తకంలోని అక్షరాలకు ఫోటో తీసి, గీతలు కంప్యూటర్‌నే గీయనిచ్చాడు మల్సూర్. అది ఒక్కో వంపును లెక్కలేనన్ని చుక్కలుగా పేర్చింది. మిషన్ ప్రతి చుక్క దగ్గరా తడబడింది. తడబడిన చోటల్లా పలచని ప్లైవుడ్ మాడి, అంచు రంపపు పళ్లలా తేలింది. కొన్ని అక్షరాలు తడిమి నేర్చుకునేసరికి వనిత వేలికి చెక్క పేడు గుచ్చుకుంది.

"మళ్లీ గుచ్చుకుంటే ఇక ముట్టను మామయ్యా. వేలిముద్రే వేసుకుంటా," అంది. గొంతులో కోపం లేదు. అందుకే అతనికి కష్టమనిపించింది.

మల్సూర్ ఆ చుక్కలన్నీ చెరిపేశాడు. వంపు మొదలైన చోట ఒకటి, తిరిగిన చోట ఒకటి, ముగిసిన చోట ఒకటి ఉంచాడు. మలుపులో లేజర్ మంట తగ్గేట్టు పెట్టాడు. మిషన్ ఆగకుండా తిరిగింది. సున్నా సున్నాలా వచ్చింది.

ఆదివారం తల్లీకూతుళ్లు షాపుకు వచ్చారు. అతడు బల్ల మీద ఒక మాట పేర్చాడు: పడవ. వనిత వేలు మొదటి అక్షరం చుట్టూ నడిచింది. ఎక్కడా ఆగలేదు.

"నున్నగా ఉంది," అంది. చివరిదాకా తడిమి మళ్లీ మొదటికి వచ్చింది. "వడవ. వడవ ఏంటి మామయ్యా? వడలమ్మే పడవా?"

"జర మంచిగ సూడు బిడ్డా. అది ప."

"వ నాకు తెలీదా? నా పేరులోదే."

మల్సూర్ ఆ అక్షరాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ప మీది తలకట్టు ఒంటికి అంటదు. కోస్తే విడిగా రాలిపోతుందని, అతడే సన్నని ముక్క అడ్డం ఉంచి కలిపి కోశాడు. వేలికి అది వ అయింది.

"ఊడిపోతదని నేనే కలిపిన," అన్నాడు.

"నీ తలపాగ అనుకున్నవా అన్నా, ఊడితే ఇజ్జత్ పోతదని?" అంది బుచ్చమ్మ.

అతడు అడ్డుముక్కను బ్లేడుతో కోసేశాడు. అక్షరాన్నీ తలకట్టునూ మధ్యలో సందు వదిలి ఒక అట్ట మీద అతికించాడు. వనిత వేలు సందులోకి దిగి, తలకట్టు మీదికి ఎక్కింది.

"ప," అంది. "పడవ."

"వంపులు గుచ్చుకుంటలేవు గదా?"

"వంపులకేం మామయ్యా. తప్పంతా నీ తలకట్టుది."

మల్సూర్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది. బుచ్చమ్మ టీ చెప్పమంది.

మర్నాడు పొద్దున షటర్ ఎత్తి, మిషన్ మీద కొత్త ప్లైవుడ్ పరిచాడు. ఈసారి అక్షరాలను విడిగా కోయలేదు. వనిత పేరును చెక్కలో గాడిగా తీశాడు, పెన్ను మొన పట్టి సాగేంత వెడల్పున. పొగ పోయేదాకా ఆగాడు. జేబులోని పెన్ను తీసి, ఆ గాడిలో ముందు తానే రాసి చూశాడు.