గోడ దాటిన దీర్ఘం

ఒక్క దీర్ఘం మూలంగా పెళ్ళి తప్పిపోయిన మగవాడు తెలుగువాళ్ళలో నేనొక్కడినే అయి ఉంటాను. జాతకాల దగ్గర తప్పిపోయినవీ, భోజనాల దగ్గర మాటామాటా వచ్చి తప్పిపోయినవీ మీరు చూసే ఉంటారు. నాది గుణింతం దగ్గర పోయింది. నవ్వండి, పరవాలేదు. నవ్వుతారనే చెబుతున్నాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. మాది విజయనగరం. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, లాలాగూడలో మేడ మీద అద్దె గది. వారంలో సగం బందులు. తార్నాక వైపు బాష్పవాయువు వదిలితే మా వీధిలో కళ్ళు మండేవి. ఏ గోడ చూసినా జెండాలు, పిడికిళ్ళు, నినాదాలు. వాటిలో కొన్ని నాలాంటివాణ్ణి మూటాముల్లె సర్దుకోమని మొహమాటం లేకుండా చెప్పేవి. మా ఆఫీసులో మావైపు వాళ్ళు చాలామంది కొండాపూర్ మారిపోయారు. నేను మాత్రం కదల్లేదు. ధైర్యం అనుకునేరు! ఇంటి ఓనరు మల్లయ్యగారికి స్వరూప అని ఒక కూతురుంది, అదీ సంగతి.

స్వరూప ఎమ్మే చదివేది. ఊరేగింపుల్లో ముందు వరసలో నడిచేది. సాయంత్రాలు మేడ మీద ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చేది. రెండు తువ్వాళ్ళు తీయడానికి ఆమెకు అరగంట పట్టేది. ఆ అరగంట కోసం నేను ఆఫీసులో కడుపునొప్పి, తలనొప్పి, లేని మేనత్తకు ఆపరేషను అన్నీ చెప్పి పారిపోయి వచ్చేవాణ్ణి. ఆ మేడ మీది గాలి, లాలాగూడ రైలు కూతలు, ఆమె భుజం మీద ఆరిన తువ్వాలు, ఏదీ నేనింకా మరిచిపోలేదు.

ఒకరోజు తెగించి అడిగాను. "మీ నాన్నగారితో మాట్లాడమంటారేటి?"

ఆమె నవ్వి, "ఇప్పుడే వద్దు. ముందుగాల బాపుకు మీరు మనోళ్ళే అనిపియ్యాలె. ఐతారం మన గోడ మీద రాస్తున్నం. మీరు సుత రండ్రి," అంది.

మన గోడట! ఆ 'మన' అన్న మాట పట్టుకుని ఆదివారం దాకా నేను నేల మీద నడవలేదు.

ఆదివారం పొద్దున్నే స్వరూప గోడ మీద ఒక పక్క జెండా వేసింది. అక్షరాలు నాకు అప్పగించి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. మల్లయ్యగారు రైల్వే వర్క్‌షాప్‌లో చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళ నొప్పులవల్ల రోడ్డు అవతల కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తున్నారు.

నేను ప్రాణం పెట్టి 'జై తెలంగాణా' అని రాశాను. మా వైపు ఆ చివర దీర్ఘం పెట్టడం అలవాటు. ఇక్కడివాళ్ళు పెట్టరు. ఆ ఒక్క గీత చూసి మనిషి ఎక్కడివాడో చెప్పేస్తారని నాకేం తెలుసు?

"ఓ సూరిబాబూ! దీర్ఘం తియ్!" అని మల్లయ్యగారు అరిచారు.

మా బళ్ళో మాస్టారు దీర్ఘం తియ్యమంటే సాగదీసి పలకమని. గోడ మీదైతే గీత సాగదీయమని కాబోలనుకున్నాను. జానెడు లాగాను. సరిగ్గా అప్పుడే డప్పులతో ఊరేగింపొకటి మా ఇద్దరి మధ్యకు వచ్చింది. నాకాయన కనబడరు, ఆయనకు నేను కనబడను. కేకలు మాత్రం వినబడుతున్నాయి.

"తీసినవా?"

"తీస్తున్నానండీ!"

"మొత్తం తియ్!"

"మొత్తమాండీ?"

"ఆఁ, మొత్తం! అసలేం మిగలొద్దు!"

ఏమీ మిగలకూడదంటే గోడే కదా! పెద్దాయన ఉత్సాహానికి లోపల మురిసిపోయాను. డప్పుల హుషారులో మా గోడ చివరికంటా లాగేశాను. అయినా "ఇంకా తియ్" అని వినబడింది. పక్కింటివాళ్ళు కొత్తగా సున్నం వేయించిన గోడ ఎదురుగా తెల్లగా మెరుస్తోంది. దాని మీదికీ ఎక్కించాను.

ఊరేగింపు సాగిపోయింది. మల్లయ్యగారు కుర్చీలోంచి లేచి కుంటుకుంటూ వచ్చి గోడ ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు.

"ఏందిది?"

"దీర్ఘమండీ. తియ్యమన్నారు కదాండీ."

"తియ్యమంటే తుడిపెయ్యమని!"

"సాగదియ్యమన్నారనుకున్నానండీ."

ఆయన గోడనీ నన్నూ మార్చి మార్చి చూశారు. నా పెళ్ళి, గది, లాలాగూడ బతుకు మొత్తం ఆ చూపుకు వేలాడుతున్నాయి. అంతలో ఆయనకు నవ్వు ముంచుకొచ్చింది. గోడ పట్టుకుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"ఇంత పొడుగు తెలంగాణ మేమెవ్వరం అడగలే బిడ్డా! గిట్లనే తీసుకుంట పోతే గిది మీ విజయనగరం తాకుతది!"

"తుడిచేస్తానండీ."

"ఉండనీ. మన పిలగాడు రాసిండు." తడి రంగు అంటిన నా భుజం మీద చెయ్యేశారు. "ఇగ నువ్వు పరాయోనివి గాదు. నా కొడుకు లెక్క."

చాయ్ పళ్ళెంతో వచ్చిన స్వరూప గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ వీధిలో పాలవాడి దగ్గర్నుంచి కండక్టరు దాకా అందరినీ అన్నా అనే పిల్ల, నన్ను ఒక్కసారి కూడా అనలేదు. నా ఆశంతా ఆ అనకపోవడం మీదే.

"అయితే బాపూ, ఇగ ఈయనను అన్నా అని పిలవాల్నా?" అంది. అడిగింది తండ్రిని, చూస్తున్నది నన్ను.

"మరేమంటవ్?" అన్నారాయన.

ఆమె ఇంకా నన్నే చూస్తోంది. అప్పుడు నోరు తెరిచి నేను ఒక్క మాట అనాలి. తెరిచాను కూడా.

"అలాగేనండీ," అన్నాను. మర్యాద!

ఆమె పళ్ళెంలోంచి ఒక గ్లాసు తీసింది. "చాయ్ తాగు అన్నా," అని నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి తువ్వాళ్ళు తీయడానికి వాళ్ళమ్మ వచ్చింది, అరనిమిషంలో తీసుకుని దిగిపోయింది.

ఏడాది తిరిగేసరికి స్వరూపకు బొల్లారం సంబంధం కుదిరింది. కొడుకు లెక్క కనక వడ్డనలు నేనే చూశాను. బగారన్నం బాగుందని మగపెళ్ళివారు మెచ్చుకున్నారు. నేను మాత్రం విస్తరి ముందు కూర్చోలేదు.

ఇన్నేళ్ళయినా పండగలకు ఆమె ఫోను చేస్తుంది. "బాగున్నవా అన్నా?" అని చివర ఎంతో ప్రేమగా దీర్ఘం తీస్తుంది. ఆ దీర్ఘాన్ని సాగదీసి చూశాను, తుడిపేసి చూశాను. ఎలా చూసినా నేను అన్ననే.

కాబట్టి ఇంతసేపూ నవ్విన మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు దేన్ని తియ్యమన్నా, తుడవాలో లాగాలో అడిగి తెలుసుకున్నాకే కుంచె ఎత్తుతాను. ఏ ఆడపిల్లయినా తండ్రిని ప్రశ్న అడుగుతూ నా కళ్ళలోకి చూస్తే, చచ్చినా సరే, అలాగేనండీ అనను.