లొల్లి మొదలుపెట్టిందెవరు?

నేను గణితంలో పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. ఒక సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తాలో నా కళ్లముందే ఒక బైకు ఆటోకు తగిలింది. ఆటో అతను దిగి బైకతని చెంప పగలగొట్టాడు. బైకతను హెల్మెట్‌తో అతని ముక్కు చితక్కొట్టాడు. ఆటోలోంచి ఇనుపరాడ్ బయటికొచ్చింది. ఆపబోయిన నా చెయ్యి విరిగింది.

దవాఖానలో కానిస్టేబుల్ అడిగాడు: "లొల్లి ఎవరు మొదలువెట్టిన్రు మేడం?"

నా పరిశోధనంతా ఆ 'మొదలు' గురించే. కొన్ని సమీకరణాల్లో మొదట ఏముందో తేలాలంటే, తర్వాత జరిగినదాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఆ రెండూ ఒకదానిమీద ఒకటి చూపే ప్రభావం ప్రతిసారీ తగ్గుతూ పోతే పరిష్కారం దొరుకుతుంది. ఇక్కడేమో ప్రతి దెబ్బా ముందుదానికంటే పెద్దదై వచ్చింది.

"ఒక్కరని చెప్పలేనన్నా" అన్నాను.

అంతలో ముక్కుకు గుడ్డ అదుముకుంటూ ఆటో అతను లోపలికొచ్చాడు.

"చెయ్యి బాగ నొస్తుందా అక్కా?" అని మెల్లగా అడిగాడు.

ఆ రోజు ముందుదానికంటే తగ్గి వచ్చింది ఆ ఒక్క మాటే.