సుగుణక్క మూడు పుస్తకాలు, నా మూడు యాప్‌లు

పోయిన వారం నా బల్ల మీద రెండు ఫోన్లు, ఒక పాత ల్యాప్‌టాప్, వాటి పక్కన ఒక ఊరివాళ్లను అడిగి తెచ్చిన, పొగ వాసన కొట్టే నోట్‌బుక్ ఉన్నాయి. చర్లలోని మా చిన్న ఆసుపత్రికి నోట్సు రాసుకునే యాప్ ఎంచుకోమని నాకు అప్పగించారు. ఒక ఫోన్లో రాసింది మిగతా ఫోన్లలోకీ చేరాలి. నోట్సు మాత్రం బయట ఎవరి కంప్యూటర్లోనో కాక మా ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి. ఇంత పెద్ద బాధ్యత నాకెందుకంటే, ఆ ల్యాప్‌టాప్‌ను ఆన్ చేయడం వచ్చింది నాకొక్కడికే. యాప్‌ను దేంతో పోల్చాలో తెలియక ఆ నోట్‌బుక్ తెరిచాను. తెరవగానే సుగుణక్క గొంతు వినిపించిందని రాస్తే బాగుంటుంది గానీ, వచ్చింది తుమ్ము.

సుగుణక్క మా నర్సు. వాగులు దాటి అడవి ఊళ్లు తిరిగేది. రోగుల వివరాలు రాయడానికి ప్రతి ఊరికీ మూడు పుస్తకాలు పెట్టింది: ఒకటి తన సంచిలో, ఒకటి ఆసుపత్రిలో, మూడోది ఆ ఊళ్లోనే ఎవరింట్లోనో, పొయ్యి పైన దూలానికి వేలాడుతూ. పొగకు చెదలు చేరవు. మూడింటినీ సరిచూసి కలపడం నా ఉద్యోగం. ఊరి పుస్తకం మన దగ్గరే ఉంటే సులువు కదా అన్నాను ఒకసారి. "జ్వరం వాళ్లది, మాట వాళ్లది. బుక్కు మనింట్ల ఉంటే గెట్ల?" అంది. తలూపాను. అర్థమై కాదు, భోజనం వేళైంది.

ఒక వానాకాలం వాగు పొంగి కొన్ని వారాలు ఒక ఊరికి వెళ్లలేకపోయాం. నీళ్లు తగ్గాక వెళ్లాం. ఆమె రోగులను చూస్తుంటే నేను పుస్తకాలు కలిపాను. తిరిగొస్తూ వాగు దాటి, ఇవతలి ఒడ్డున నిలబడి, గొప్పగా చెప్పాను.

"ఒక్క తేడా వచ్చిందక్కా. జోగమ్మ బిడ్డకు పెన్సిలిన్ పడదని ఊరి బుక్కుల అంగన్‌వాడీ టీచర్ రాసింది. నీ బుక్కుల సల్ఫా మందు పడదని ఉంది. నీది కొత్త తేదీ. అందుకే ఊరిది కొట్టేసిన."

"ఎవల్ని అడిగినవ్?"

"తేదీలు చూసిన."

"దద్దుర్లు తేదీకి వచ్చినయా, పిల్లకు వచ్చినయా?"

చెప్పులు చేతిలో పట్టుకుని ఆమె మళ్లీ వాగులోకి దిగింది. వెనకే నేను. నా జీవితంలో అదొక మలుపు అనాలేమో. అప్పుడు మాత్రం నా ధ్యాసంతా జలగల మీదే.

జోగమ్మ, తన ఇంటి చూరులోంచి దద్దుర్లు తెచ్చిన గోలీల ఖాళీ షీటు తీసి ఇచ్చింది. సుగుణక్క దాని వెనక పేరు చదివింది. పెన్సిలినే. సంతలో ఎవరో చెబితే సుగుణక్క రాసుకున్నదే తప్పు. జోగమ్మ నాకేసి చూసి, "మా బుక్కుల గీత కొట్టింది నువ్వేనా సారూ? మా బిడ్డ ఒళ్లు మాకు తెల్వదా?" అంది. గడప మీద ఆ పిల్ల జామకాయ కొరుకుతోంది. నా గీత అలాగే ఉండి ఉంటే, తరువాతి జ్వరానికి మేమే దానికి పెన్సిలిన్ మింగించేవాళ్లం. ఈ సంగతి మీద నాకు ఇప్పటికీ జోకు తట్టలేదు.

సుగుణక్క తన పుస్తకంలోని తప్పును కొట్టేయలేదు. దాని కిందనే "ఇది నేను విన్న మాట. తల్లి మాట వేరు. పోయి అడిగాను, తల్లిదే నిజం" అని రాసి సంతకం పెట్టింది. "తేడా వస్తే రెండూ ఉంచు. పోయి అడుగు," అంది నాతో.

అందుకని యాప్‌లన్నిటికీ ఆ వాగునే పరీక్షగా పెట్టాను. రెండు ఫోన్లకూ నెట్ ఆపి, ఒకే నోట్‌లో ఒకదాంట్లో పెన్సిలిన్ అని, ఇంకోదాంట్లో సల్ఫా అని రాసి, మళ్లీ కలపడం. మొదటి యాప్ నెట్ లేకుండా తెరుచుకోనే లేదు. చర్ల దాటితే అది ఉత్త అద్దం ముక్క. రెండోది చూడముచ్చటగా ఉంది. ఎవరినీ అడగకుండా కొత్త తేదీది ఉంచి పాతది మింగేసింది. నా పాత బుద్ధి దానికెలా తెలిసిందో. మూడోదాంట్లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి గానీ, రెండు మాటలనూ పక్కపక్కన ఉంచి, తేడా ఉందని ఎర్రటి గుర్తు పెట్టింది.

సుగుణక్క ఇప్పుడు ఏన్కూరులో, మోకాళ్ల నొప్పులతో ఉంటోంది. ఫోన్ చేశాను.

"అక్కా, గిది రెండూ ఉంచుతది."

"అవ్, మంచిదే. పోయి అడుగుతదా మరి?"

"అడగదు."

"గట్లయితే నీ నౌకరికి ఢోకా లేదు పో."

ఈ ఉదయం మొదటి ఎర్ర గుర్తు వచ్చింది. వాగు అవతలి ఊళ్లో ఒక తాతకు బీపీ గోలీ. రెండు ఫోన్లలో రెండు పేర్లు. ఏది కొత్త తేదీదో కనిపిస్తూనే ఉంది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేతిలో పట్టుకుని వాగులోకి దిగాను. జలగలకు నేనింకా గుర్తున్నాను.