రిసెప్షన్‌లో ఇంజనీరు

మహిమ రోజూ పొద్దున సిమెంటు ఫ్యాక్టరీకి రాగానే ఇనుప ముక్కున్న సేఫ్టీ బూట్లు తొడుక్కుని, లేసులు బిగించి, రిసెప్షన్ బల్ల వెనక కూర్చుంటుంది. ఆడపిల్లలు ఇంజనీరింగ్‌లో నాయకులుగా ఎదగాలని ఇచ్చే స్కాలర్‌షిప్‌తో ఆమె మెకానికల్ చదివింది. మిల్లు దగ్గర పని ఇమ్మని అడిగినప్పుడల్లా మేనేజరు నవ్వి, "అక్కడంతా దుమ్మమ్మా, నీకెందుకు?" అంటాడు. దుమ్ము ఆమెకు కొత్త కాదు. తల్లి ఆదెమ్మ పక్కన కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ, తుమ్ముతూనే పెరిగింది. ఇప్పుడు ఫోనెత్తడం, అతిథులకు పూలగుత్తి అందించడం ఆమె పని.

మొన్న ఆ స్కాలర్‌షిప్‌కు ఈ ఏడు ఎంపికైన పిల్లలు ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చారు. "మా లేడీ ఇంజనీరు, మీ స్కాలర్‌షిప్పుతోనే చదివింది" అని మేనేజరు మహిమను చూపించాడు. ఒకమ్మాయి ముందుకొచ్చి, "అక్కా, మీరు ఏ మిషను చూస్తారు?" అని అడిగింది. మేనేజరు పక్కనే ఉన్నాడు. "అన్నీ చూస్తానమ్మా" అంది మహిమ. ఆ పిల్ల సంబరంగా ఆమె చెయ్యి పట్టుకుని, "అయితే మీరే చూపించండక్కా" అంటూ మిల్లు వైపు లాగింది. గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి మేనేజరు కేకేశాడు.

"నువ్వెక్కడికమ్మా? ఫోనెవరు ఎత్తుతారు?"

మహిమ మెల్లగా చెయ్యి విడిపించుకుని వెనక్కి వచ్చింది. మోగుతున్న ఫోనెత్తి, "నమస్కారమండి" అంది.