మేనమామ ఒడి

అరవై దాటిన పిదప తొలిసారి ఉపాధ్యాయుణ్ణై, కోవిల్‌పట్టి బడిలో తెలుగు చెప్పడానికి విరుదునగర్ నుంచి నిత్యం రైలెక్కిన రోజులవి. తోటి ఉపాధ్యాయులు వినయంగా నమస్కరించి, ఆపై తమలో తాము తమిళంలో ముచ్చటించుకునేవారు. ఆ ఒంటరితనం సహించలేక, నెలాఖరున కొలువు విడిచి రాజమహేంద్రవరం మరలిపోవాలని నిశ్చయించుకున్నాను.

ఒక సాయంకాలం తిరుగు రైలులో, మా బడి లెక్కల టీచరు రాజేశ్వరి నా ఎదుట కూర్చుని ఫోనులో తల్లితో తెలుగులో మాట్లాడింది. విస్తుపోయాను.

"తమరి మాతృభాష తెలుగా అమ్మా? ఇన్నాళ్లూ ఏల చెప్పలేదు?"

"తెలుగు ఇంట్లోకి సార్, బడికి అరవం. మీరు మాట్లాడేది పాఠం ఒప్పజెప్పినట్ల ఉంటుంది. మా మాట వింటే నవ్వుతారని బయం. మీ ఇంటిపేరేంది?"

చెప్పాను.

"అది మా పుట్నింటి పేరు. అట్లయితే మీరు నాకు అన్న."

"ఆ ఇంటిపేరు పలువురికి ఉంటుందమ్మా" అని నసిగాను.

"ఉండనీండి. నాకు తోడబుట్టినోళ్లు లేరు. ఆదివారం మా పాపకు చెవులు కుట్టాల. మేనమామ ఒడిలో కూసోబెట్టి కుట్టేది మా వాడిక. ఎవరి ఒడి అని అమ్మ ఇంతసేపూ ఏడ్చింది. వస్తావా అన్నా?"

ఆదివారం వాళ్ల ఊరు నాగలాపురంలో కంసాలి సూది గుచ్చగానే పాప నా చేయి కొరికింది. "కొరకనీ, మామే కదా" అన్నది రాజేశ్వరి తల్లి.

సోమవారం బడిలో చేతి కట్టు చూసి ఎవరో కారణమడిగారు. మేనకోడలు కొరికిందని వచ్చీరాని తమిళంలో చెప్పాను. గదిలో అందరూ నవ్వి, నాకు చోటిచ్చి దగ్గర కూర్చోబెట్టుకున్నారు. నెలాఖరు వచ్చింది, పోయింది, నేను పోలేదు.