లారీ పంపుకు పౌడరు పూసిన రోజు

నా చిన్నప్పుడు తుష్నాబాదు అనే పల్లెలో మా ఇంటి ముందు ఒక పాత డీజిల్ లారీ ఉండేది. ఇంట్లో మనుషుల ఆరోగ్యం కంటే దాని ఆరోగ్యం గురించే మేం ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం. మా నాన్న దాన్ని నడిపేవాడు, మా బాబాయి బాగుచేసేవాడు. తెల్లవారకముందే చుట్టుపక్కల తోటల కూరగాయలూ అరటిగెలలూ ఎక్కించుకుని ఇద్దరూ పోర్ట్ బ్లెయిర్ బజారుకు వెళ్లేవాళ్లు. ఒకే కంచంలో తిని పెరిగిన ఆ అన్నదమ్ములు విడిపోయేదాకా వచ్చారంటే దానికి కారణం నా నోరే. ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోని డెలానీపూర్‌లో మనవల మధ్య కూర్చుని తేలిగ్గానే చెబుతున్నాను గాని, ఆ నాలుగు రోజులూ నాకు ముద్ద దిగలేదు.

లారీ ఇంజనుకు పక్కగా డీజిల్ పంపు ఉంటుంది. ట్యాంకులోంచి వచ్చిన డీజిల్‌ను గట్టిగా ఒత్తి, తన నెత్తి మీదున్న ఆరు ఇనుప గొట్టాల గుండా ఇంజనుకు పంపుతుంది. దాని పొట్టకు అంటుకుని ఇంకో చిన్న పంపు ఉంటుంది, దాన్ని చేత్తో కూడా కొట్టవచ్చు. ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లోనే ఆ చిన్న పంపు కింద డీజిల్ బొట్లు బొట్లుగా పడడం మొదలైంది. నాన్న నట్టు బిగించాడు. ఆగలేదు. బట్టల సబ్బు ముద్ద చేసి చుట్టూ పట్టించాడు. రెండు రోజులు ఆగి మళ్లీ కారింది.

సబ్బేమిటని నవ్వకండి. వేలెడంత వాషరు కావాలన్నా మద్రాసు నుంచో వైజాగు నుంచో షిప్పులో రావాలి. ఆ షిప్పు ఎప్పుడొస్తుందో దాన్ని నడిపేవాళ్లకే తెలియదు. అందుకని మా దీవుల్లో ప్రతి డ్రైవరూ సీటు కింద ఒక సబ్బుబిళ్ల దాచుకునేవాడు. కారితే సబ్బు, మళ్లీ కారితే సబ్బు మీద సబ్బు. మా ఇంటిల్లిపాదీ ఒంటికి రాసుకున్న దానికంటే ఆ లారీకి రాసిందే ఎక్కువని మా అమ్మ దెప్పేది.

ఒకరోజు ఇంజనుకు డీజిల్ సరిగా అందక, నిండు లోడుతో ఎత్తు ఎక్కలేక లారీ దారిలోనే ఆగిపోయింది. దాన్ని ఎలాగో కదిలించేసరికి మధ్యాహ్నమైంది. ఆకుకూరలన్నీ వాడిపోయాయి, తోటల వాళ్లు నాన్నను నానా మాటలూ అన్నారు. మా నాన్నకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఇంటికొచ్చి, ఆ పంపును ఎవరు ముట్టుకున్నారని అరిచాడు. నేను అరుగు మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. నాకు పదేళ్లు. నన్నెవరూ అడగలేదు. అయినా తల ఎత్తి, కారడం మొదలవకముందు ఆదివారం బాబాయి ఆ చిన్న పంపు విప్పాడని, నా కళ్లారా చూశానని చెప్పాను. అది నిజమే. లోపలి జాలీ కడగడానికి విప్పాడు.

బాబాయి అప్పుడు వాకిట్లోనే ఉన్నాడు. వీధిలో నలుగురూ వింటుండగా నాన్న అన్నాడు: "నీ సెయ్యి పడ్డాకే ఇది కారతంది. ఇంక నా బండి ముట్టుకోకు."

బాబాయి ఎన్నడూ అన్నగారికి ఎదురు చెప్పిన మనిషి కాదు. లోపలికెళ్లి రేకుపెట్టె తీశాడు. మర్నాడు పోర్ట్ బ్లెయిర్ వెళ్లి వైజాగు షిప్పుకు టికెట్ తెచ్చుకున్నాడు. షిప్పు ఇంకో మూడు రోజుల్లో ఉంది. అక్కడ మా మేనత్త ఇంట్లో ఉండి ఏదో పని చూసుకుంటానన్నాడు. అమ్మ ఇద్దరికీ చెప్పి చూసింది, ఒక్కరూ దిగిరాలేదు. ఆ కోపం నా మీదకు తిప్పింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమే, నిన్నెవరు అడిగారే అంది. నాకు మాత్రం నేను చేసిన తప్పేమిటో అర్థం కాలేదు. చూసింది చెప్పాను. అబద్ధమాడలేదు. మరి బాబాయి పెట్టె వైపు చూస్తే ఏడుపెందుకు వస్తోంది?

లారీ బాగుపడితే బాబాయి ఉండిపోతాడని నా పదేళ్ల బుర్రకు తోచింది. మా పక్కింట్లో ఒక తాత ఉండేవాడు. చాతం రంపపు మిల్లులో ఇంజన్లు చూసి రిటైరైన మనిషి. అందరూ మిస్త్రీ తాత అనేవారు. వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నదంతా చెప్పాను. నాన్నతో నేను అన్న మాట కూడా చెప్పాను. ఆయన చెప్పులు వేసుకుని లేచాడు.

మేం వచ్చేసరికి నాన్న మళ్లీ స్పానరు పట్టుకుని అదే నట్టు మీద పడ్డాడు. తాత ఆయన చేతిలోంచి స్పానరు తీసుకున్నాడు.

"రుకో, ఆగు బాబూ, ఎంత బిగిస్తావు? ఇది డీజిల్ రాలతన్న జాగా. ఎక్కణ్నించి వస్తందో నువ్వింకా సూడనేదు."

ముందు ఆ సబ్బంతా గీకించాడు. పొరలు పొరలుగా వచ్చింది, దానికే గంట పట్టింది. తర్వాత కిరసనాయిలుతో కడిగించి, పొడిగుడ్డతో తుడిపించాడు. మాకు ఊహ తెలిశాక ఆ పంపు రంగు చూడడం అదే మొదటిసారి. అప్పుడు అమ్మను పిలిచి మొహానికి రాసుకునే పౌడరు అడిగాడు. వైజాగు నుంచి తెప్పించుకుని పండక్కీ పబ్బానికీ మాత్రమే తీసే డబ్బా అది. అమ్మ దాన్ని కన్నబిడ్డను ఇచ్చినట్టు ఇచ్చింది. తాత అరచేతిలో పోసుకుని పంపు మీద ఉఫ్ అని ఊదాడు. పైనా కిందా అంతా తెల్లగా అయిపోయి, పంపు పెళ్లికొడుకులా తయారైంది. నాకు నవ్వొచ్చింది గాని, నవ్వే సందర్భం కాదని ఊరుకున్నాను.

ఇంజను స్టార్ట్ చెయ్యమని తాత బాబాయిని కేకేశాడు. బాబాయి వచ్చాడు, నాన్న వైపు చూడకుండా లారీ ఎక్కాడు. తాత నన్ను పంపు ముందు నిలబెట్టాడు.

"సెయ్యి పెట్టకమ్మా, సూడు అంతే. ముందు ఎక్కడ తడుస్తందో అదే సెప్పు. నువ్వు అనుకున్నది వొద్దు."

ఇంజను తిరిగింది. నా కళ్లు ఆ చిన్న పంపు మీదే ఉన్నాయి. అది తెల్లగానే ఉంది. ఎంతసేపు చూసినా తెల్లగానే ఉంది. అప్పుడు పైకి చూశాను. మూడో గొట్టం మొదట్లో, అది పంపులోకి దిగే చోట, ఆవగింజంత నల్లగా తడి కనిపించింది. అది పెరిగి, దారంలా పంపు వెనకవైపు నుంచి జారి, చిన్న పంపు దాకా వచ్చి, అక్కడ బొట్టై కింద పడింది. నేను వేలెత్తి చూపించాను.

తాత ఇంజను ఆపించి, ఈ గొట్టం ఆఖరున విప్పింది ఎవరని అడిగాడు. ఆ గొట్టం విప్పేటప్పుడు కింది మొట్టను, అంటే గొట్టం కూర్చునే ఇనుప మూతిని, ఒక స్పానరుతో కదలకుండా పట్టుకుని, పై నట్టును ఇంకో స్పానరుతో తిప్పాలట. ఒక్క స్పానరుతో తిప్పేస్తే మొట్ట కూడా తిరిగి, దాని అడుగునున్న రాగి వాషరు వదులైపోతుందట. తాత ఇదంతా వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పాడు, ఎవరి వైపూ చూడలేదు.

నాన్న అందరికీ వినపడేలాగే అన్నాడు.

"నానే ఇప్పినాను. వొక్క స్పానరుతోనే."

బాబాయి లారీ దిగి స్పానరు అందుకున్నాడు. కింది మొట్టను విప్పి, వాషరు బయటికి తీశాడు. కొత్తది ఎలాగూ లేదు. దాన్నే అమ్మ పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్లలో వేశాడు. అలా చేస్తే రాగి మెత్తబడి మళ్లీ పట్టు ఇస్తుంది. తిరిగి బిగించేటప్పుడు బాబాయి పై నట్టు తిప్పుతుంటే, కింది స్పానరు కదలకుండా పట్టుకున్నది మా నాన్న. చేత్తో పంపు కొట్టి గాలి తీసేసి, మళ్లీ పౌడరు ఊది స్టార్ట్ చేశారు. పంపు పొడిగా ఉంది. వైజాగు షిప్పు బాబాయి లేకుండానే వెళ్లింది.

నేను ఊరుకోలేక, నాన్నకు అలా చెప్పడం తప్పైపోయిందని బాబాయి దగ్గర ఏడ్చాను. ఆయన నా తల నిమిరి, "నువ్వు సూసిందే సెప్పినావు కదమ్మా, ఏడవకు" అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. ఫలానావాడే చేశాడు టీచర్, నేను చూశాను అని ఏ పిల్ల వచ్చినా, ఏం చూశావో అంతవరకే చెప్పమనేదాన్ని. మిగతాది నేను వెళ్లి చూసుకునేదాన్ని. ఈవిడకు చాదస్తమని తోటి టీచర్లు నవ్వుకునేవారు. నవ్వుకోనీ. చిన్నప్పుడు నేను ఆడిన అబద్ధాలు బోలెడు, ఒక్కటీ గుర్తు లేదు. ఆ రోజు చెప్పింది మాత్రం నిజం. ఆ నిజం విని మా బాబాయి పెట్టె సర్దుకున్నాడు.